బటన్ పుట్టగొడుగుల కంపోస్టులో అమోనియా ఘాటు ఎందుకు పోవడం లేదు?

అడిగిన విషయం ముందు నాలుగు మాటల్లో చెప్తాను, చదివే మిగతావాళ్లకీ అర్థమవ్వాలి కదా. కోవూరు దగ్గర ఏసీ షెడ్డు వేసి బటన్ పుట్టగొడుగులు మొదలుపెట్టిన తమ్ముడి ప్రశ్న ఇది. ఒక టన్ను వరిగడ్డి, 400 కిలోల కోళ్ల ఎరువు, 70 కిలోల తవుడు, 30 కిలోల జిప్సం, 10 కిలోల యూరియాతో కుప్ప వేశారు. సరిగా వేడెక్కడం లేదని మధ్యలో ఇంకో 15 కిలోల యూరియా చల్లారు. తిరగేస్తుంటే కుప్ప నడుమ పుల్లటి కంపు వచ్చింది. తర్వాత కంపోస్టుని గదిలో పేర్చి, క్రిములన్నీ చావాలని ఆవిరితో 70 డిగ్రీలకు తీసుకెళ్లి రాత్రంతా ఉంచారు. చల్లారాక స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) కలిపారు. స్పాన్ పాకలేదు, ఘాటు పోలేదు. సంచుల్లోంచి సన్నటి బూడిదరంగు గొడుగులు లేచి, ఒకటి రెండు రోజులకే నల్లటి సిరాలా కారిపోతున్నాయి. ఇప్పుడు వేస్ట్ డీకంపోజర్ (చెత్తని కుళ్లబెట్టే సూక్ష్మజీవుల మందు) గానీ ట్రైకోడెర్మా గానీ కలిపితే ఇంకా బాగా కుళ్లి ఆ ఘాటు పోతుందా అని అడుగుతున్నారు.

తమ్ముడూ, రెండూ కలపకండి. మీ కంపోస్టుకి సూక్ష్మజీవులు తక్కువై ఈ కష్టం రాలేదు. పని చేయాల్సిన సూక్ష్మజీవులు సరిగ్గా పనిలోకి దిగే వేళకి మీరు 70 డిగ్రీల ఆవిరితో వాటిని చంపేశారు. యూరియా ఎక్కువ కావడం, కుప్పలోకి గాలి పోకపోవడం ఉన్నాయి గానీ, అవి రెండూ దీని తర్వాతే.

పొలానికి వేసే కంపోస్టుకీ పుట్టగొడుగుల కంపోస్టుకీ తేడా ముందు పట్టుకోవాలి. పొలం ఎరువు ఎంత మాగితే అంత మంచిది, గడ్డి ఆనవాలు కూడా మిగలకూడదు. ఇక్కడ అలా కాదు. గడ్డికి గట్టిదనమిచ్చే సెల్యులోజ్, లిగ్నిన్ అనే పదార్థాలు చాలావరకు అలాగే ఉండాలి, ఎందుకంటే రేపు పుట్టగొడుగు తినేది వాటినే. పోవాల్సింది తేలిగ్గా అరిగే చక్కెరలు, పిండి పదార్థాలు, విడిగా తిరిగే అమోనియా. ఇవి మిగిలితే ప్రతి బూజూ వచ్చి వాలుతుంది. బటన్ పుట్టగొడుగు నిదానంగా పెరిగే జాతి, ఆ పోటీలో గెలవలేదు. మిగతా బూజులకి ఇష్టం లేని, దానికి మాత్రమే సరిపడే తిండి తయారు చేసి పెట్టడమే మన పని.

పెళ్లి భోజనాల్లో బంతులు లేచినట్టే కుప్పలోనూ జరుగుతుంది. మొదటి బంతిలో కూర్చునేవి మామూలు వేడిలో బతికే బాక్టీరియా. గడ్డి తడిసిన రోజు నుంచే అవి చక్కెరల మీద పడతాయి, అవి తినే జోరుకే కుప్ప వేడెక్కుతుంది. 45 డిగ్రీలు దాటాక ఆ వేడికి అవే తట్టుకోలేక లేచిపోతాయి. రెండో బంతి వేడిని కోరుకునేవాటిది: బాసిల్లస్ జాతి బాక్టీరియా, యాక్టినోమైసిటిస్ (దారాల్లా పెరిగే బాక్టీరియా), కొన్ని రకాల శిలీంద్రాలు. అవి గడ్డిని మెత్తబరుస్తూ అమోనియాని తమ ఒంట్లో మాంసకృత్తులుగా మార్చుకుంటాయి. ఆఖరి బంతిలో కూర్చునేది మన పుట్టగొడుగు. మిగిలిన గడ్డితో పాటు, ముందు బంతుల్లో తిన్న సూక్ష్మజీవుల శరీరాలని కూడా అది కరిగించి తింటుంది. దానికి దొరికే నత్రజనిలో పెద్ద భాగం ఆ రూపంలోనే ఉంటుంది. అందుకే యూరియా వేసి నేరుగా పుట్టగొడుగుకి తినిపించడం కుదరదు. మధ్యలో సూక్ష్మజీవులు తిని తీరాలి.

వీటిలో ఏదీ ప్యాకెట్లో కొనాల్సింది కాదు. వరిగడ్డి మీద, కోళ్ల ఎరువులో, షెడ్డు నేల మీద కోట్ల కొద్దీ ముందే ఉన్నాయి. ఏ రోజు ఏ జాతి పైచేయిగా ఉండాలో నిర్ణయించేది వేడి, తడి, గాలి. ట్రైకోడెర్మా సంగతి మరీ జాగ్రత్త. శనగ విత్తనాలకి పట్టించుకునే ప్రకాశం జిల్లా రైతులకి అది ఎంతో మేలు చేసే శిలీంద్రం. పుట్టగొడుగుల షెడ్డులో మాత్రం పచ్చ బూజు తెగులుకి కారణం ఆ కుటుంబమే. 1985 ప్రాంతంలో ఉత్తర ఐర్లాండ్‌లో కనబడిన ఒక ట్రైకోడెర్మా రకం బ్రిటన్ దాకా పాకి పెంపకందారులని దారుణంగా దెబ్బతీసింది. ఉత్తర అమెరికాలో దాని దగ్గరి బంధువైన వేరే రకం అదే పని చేసింది. మిరపకో శనగకో వాడగా మిగిలిన ప్యాకెట్టు ఉంటే షెడ్డు దరిదాపుల్లో కూడా పెట్టకండి.

ఇప్పుడు నత్రజని లెక్క చూద్దాం. మనవాళ్లు దీన్నే దాటేస్తారు. అంతా ఎండు బరువు మీద వేసుకోవాలి. టన్ను గడ్డిలో తేమ తీసేస్తే 900 కిలోలు, అందులో నత్రజని 0.6 శాతం అనుకుంటే 5.4 కిలోలు. కోళ్ల ఎరువు 400 కిలోలు ఎండితే 320, దానిలో 2.6 శాతం చొప్పున 8.3 కిలోలు. తవుడు నుంచి సుమారు 1.3. మొదట వేసిన 10 కిలోల యూరియాలో 4.6. మొత్తం 19.6 కిలోలు. జిప్సంతో కలిపి సరుకంతా 1,320 కిలోల ఎండు బరువు. అంటే 1.5 శాతం. కుప్ప వేసే రోజుకి 1.5 నుంచి 1.75 దాకా ఉండాలి కాబట్టి మీ మొదటి లెక్క సరిపోయింది. తర్వాత చల్లిన 15 కిలోలతో ఇంకో 6.9 కిలోల నత్రజని చేరి దాదాపు 2 శాతానికి ఎక్కింది. స్పాన్ కలిపే రోజుకి ఉండాల్సిన శాతమే 2 నుంచి 2.3. ఈలోపు ఎండు బరువు మూడో వంతు దాకా కరిగిపోతుంది గనుక మిగిలిన సరుకులో శాతం తనంతట తానే పెరుగుతుంది. మొదట్లోనే 2 దగ్గర ఉంటే ఆ ఎక్కువంతా తినే దిక్కు లేక అమోనియాగా తిరుగుతుంది. పైగా యూరియా ఆలస్యంగా వేశారు. వేసిన ఒకటి రెండు రోజుల్లోనే అది అమోనియాగా విడిపోతుంది. దాన్ని ఒంటబట్టించుకోవడానికి కావలసిన తేలిక తిండి అప్పటికే చాలావరకు ఖర్చయిపోయింది.

కోళ్ల ఎరువు కూడా ఒక్కో షెడ్డుది ఒక్కోలా ఉంటుంది. బ్రాయిలర్ షెడ్డులో ఊక కలిసిన ఎరువుకీ, లేయర్ షెడ్డులో పంజరాల కింద పడే తడి పెంటకీ నత్రజనిలో చాలా తేడా. కొత్త చోట ఎరువు కొన్నప్పుడల్లా ల్యాబులో ఒకసారి నత్రజని, తేమ చూపించుకోవడం నయం.

మరి కుప్ప ఎందుకు వేడెక్కలేదు? మీరు రాసిన పుల్లటి కంపే జవాబు చెప్తోంది. నడుమ గాలి ఆడలేదు. బటన్ కంపోస్టుకి మన దేశంలో తిరిగే కొలతలు ఎక్కువగా హిమాచల్ ప్రదేశ్ సోలన్‌లోని పుట్టగొడుగుల పరిశోధన సంస్థ వైపు నుంచి వచ్చినవి, అక్కడివాళ్ల గడ్డి గోధుమ గడ్డి. అది గట్టిగా గొట్టంలా ఉంటుంది, తడిసినా గొట్టాల మధ్య గాలి నిలుస్తుంది. మన వరిగడ్డి మెత్తన. తడిస్తే ఒకదాని మీద ఒకటి అణిగి చాపలా అయిపోతుంది. హార్వెస్టర్‌తో కోసి మిషన్‌తో కట్టలు కట్టిన గడ్డి అయితే అప్పటికే నలిగి ఉంటుంది, ఇంకా తొందరగా అణుగుతుంది. గోధుమ గడ్డికి చెప్పిన నీళ్లు, వెడల్పు దీనికి పెడితే నడుమ భాగం ఊపిరాడక చస్తుంది.

ఈసారి కుప్పని పారతో అడ్డంగా కోసి లోపలికి చూడండి. నన్ను ఏ కుప్ప దగ్గరికి పిలిచినా ముందు చేయించే పని అదే. వెలుపల జానెడు మందం ఎండిపోయి, మామూలు గడ్డిలానే ఉంటుంది. దాని లోపల తెల్లటి బూడిద చల్లినట్టు మచ్చలుండే పొర కనిపించాలి. అవి యాక్టినోమైసిటిస్, 50, 60 డిగ్రీల మధ్య గాలి బాగా తగిలే చోట పెరుగుతాయి. అవి ఉంటే సంతోషించండి. ఇంకా లోపల 70 నుంచి 80 డిగ్రీల దాకా మరిగే భాగం ఉంటుంది. అక్కడ శిలీంద్రాలు బతకవు. థెర్మస్ లాంటి ఏవో కొన్ని బాక్టీరియా మాత్రమే ఉంటాయి. గడ్డి ముదురు గోధుమరంగుకి మారడం చాలావరకు రసాయనిక చర్య వల్ల జరుగుతుంది, ఆ రంగు మనకి కావాలి. అన్నిటికంటే కింద, నడిమధ్య, పసుపుపచ్చగా జిగటగా పుల్లటి వాసన వేసే ముద్ద ఉంటే అదే గాలి లేని భాగం. గాలి అక్కర్లేని బాక్టీరియా అక్కడ ఆమ్లాలు, కుళ్లు గుడ్డు వాసనొచ్చే వాయువు తయారు చేస్తుంటాయి. తిండి సగం సగం అరిగి ఆగిపోయే చోటది, వేడీ పుట్టదు. మీరు యూరియా తక్కువైందనుకున్నది ఈ ముద్దని చూసే.

కుప్పని తిరగేయడమంటే పైది కిందికి వేసి ఊరుకోవడం కాదు. వెలుపలి ఎండు పొర తడిసి నడుమకి చేరాలి, నడిమి ముద్ద విడిపోయి వెలుపలి అంచుకి రావాలి. కూలీలకి ఇది పక్కనుండి చూపించాల్సిందే. వరిగడ్డికి కుప్ప వెడల్పు నాలుగు, నాలుగున్నర అడుగులు దాటనివ్వొద్దు. గోధుమ గడ్డికి ఐదడుగులు నడుస్తుంది. ఎత్తు నాలుగైదు అడుగులు చాలు. పక్కలు నిటారుగా, కొంచెం గట్టిగా కట్టాలి, నడుమ వదులుగా ఉండాలి. లోపలి వేడి గాలి పైకి లేస్తూ పక్కల నుంచి కొత్త గాలిని లాక్కుంటుంది. టార్పాలిన్ నేల దాకా కప్పితే ఆ దారి మూసుకుపోతుంది. వాన భయముంటే పైకప్పు కింద చేయండి, కుప్పకి దుప్పటి కప్పొద్దు. రెండు రోజులకోసారి తిరగేస్తే వరిగడ్డికి పది పన్నెండు రోజులు సరిపోతాయి. మూడు వారాలు ఉంచితే పుట్టగొడుగు తినాల్సిన సెల్యులోజ్ కూడా పోతుంది.

జిప్సం మూడో తిరగేతలో వేయండి. దాన్ని ఎరువు అనుకోవద్దు. గడ్డి అరిగేటప్పుడు పుట్టే జిగురుని అది గుంపు కట్టించి, గడ్డిపోచల మధ్య ఖాళీలు తెరిచి ఉంచుతుంది. జిప్సం సరిగా కలిసిన కంపోస్టు చేతికి జిడ్డుగా అంటదు.

నీళ్ల విషయంలో మన తీరం పక్క ఊళ్లకి ఒక చిక్కు ఉంది. విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట వైపు చాలా బోర్లలో ఉప్పు తగులుతుంది. టన్నుల కొద్దీ నీళ్లు తాగే గడ్డిలో ఆ ఉప్పంతా మిగిలిపోతుంది, పుట్టగొడుగు దారం (స్పాన్ నుంచి పాకే సన్నటి తెల్లటి పోగులు) దానికి ఓర్చుకోదు. కాలువ నీళ్లు దొరికినప్పుడు తొట్టిలో నింపి పెట్టుకోండి. కుప్ప కింద కారే కషాయం లాంటి నీళ్లని మళ్లీ కుప్పకే పోయడం మంచిదే, కానీ ఏ రోజుది ఆ రోజే. గుంటలో నాలుగు రోజులు నిలిచి కంపు కొడితే ఆ గాలిలేని బాక్టీరియానే తిరిగి కుప్పలో పోస్తున్నట్టు.

ఇక అసలు విషయం, ఆవిరి గది. 1950ల మొదట్లో అమెరికాలో సిండెన్, హౌసర్ అనే ఇద్దరు కంపోస్టు తయారీలో పొట్టి పద్ధతిని (షార్ట్ మెథడ్) స్థిరపరిచారు. బయట కుప్ప రోజులు తగ్గించి, మిగతా పని లోపల అదుపులో చేయడం దాని ప్రాణం. లోపలి పని రెండు ముక్కలు. మొదటిది పాశ్చరైజేషన్: కంపోస్టు 57 నుంచి 60 డిగ్రీల దగ్గర ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉండాలి. ఈగల గుడ్లు, నులిపురుగులు, మామూలు బూజులు దాంతో పోతాయి. వేడిని కోరుకునే మంచి శిలీంద్రాలు ఆ కాసేపటికి తట్టుకుంటాయి. రెండోది కండిషనింగ్: 45 నుంచి 50 డిగ్రీల మధ్యకి దించి, కొత్త గాలి కొంచెం కొంచెంగా ఇస్తూ నాలుగైదు రోజులు, అవసరమైతే వారం. అమోనియా పోయేది ఈ రోజుల్లోనే.

పోయేది అన్నాను గానీ ఎక్కువ భాగం గాలిలోకి పోదు, సూక్ష్మజీవుల ఒంట్లోకి పోతుంది. ఈ వేడిలో ముఖ్యంగా పనిచేసేది స్కైటాలిడియం థెర్మోఫిలం అనే శిలీంద్రం. 45 డిగ్రీల పైన దానికి పండగ. అమోనియాని పీల్చుకుని కంపోస్టంతా సన్నటి తెల్లని దారాలతో అల్లుకుంటుంది. అది బాగా పెరిగిన కంపోస్టులో బటన్ దారం దాదాపు రెట్టింపు వేగంతో పాకుతుందని నెదర్లాండ్స్ పరిశోధకులు 1990ల్లో చూపించారు. ఫ్యాన్ పెట్టి ఘాటుని ఊదేస్తే సరిపోదా అని కొందరు అంటారు. కొంత పోతుంది నిజమే, కానీ దాంతో పాటు పంటకి అందాల్సిన నత్రజని పోతుంది, గది చల్లబడి ఈ శిలీంద్రం పని ఆగిపోతుంది. గాలి కావాల్సింది దానికి ఊపిరి కోసం.

మీరు 70 డిగ్రీల్లో రాత్రంతా ఉంచినప్పుడు ఇదీ చచ్చింది, యాక్టినోమైసిటిస్‌లో చాలావరకూ చచ్చాయి. పైగా ఆ వేడికి ఇంకొంత మాంసకృత్తి విరిగి కొత్త అమోనియా పుట్టింది. కాపలా లేని కంపోస్టు, నిండా ఘాటు, అలాగే చల్లార్చి స్పాన్ కలిపారు. 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది) దాటిన అమోనియాలో బటన్ దారం పాకదు. అదే అమోనియాని హాయిగా తట్టుకునేది ఆ సిరా గొడుగు, కోప్రినస్. అది వచ్చిందంటే ఘాటు మిగిలి ఉందని కంపోస్టు మనకి రాసిచ్చినట్టే. దానికి మందు కొట్టాల్సిన పని లేదు, తర్వాతి విడత కండిషనింగ్ సరిచేస్తే రాదు. అదే ఆలివ్ ఆకుపచ్చ గింజల్లాంటి బూజు కనిపిస్తే గదిలో గాలి చాలక వేడి మించిందని గుర్తు.

థర్మామీటర్ గది గోడకి కాదు, కంపోస్టు లోపల గుచ్చండి. కండిషనింగ్‌లో సూక్ష్మజీవులు జోరుగా ఉంటే గది గాలి కంటే కంపోస్టు కొన్ని డిగ్రీలు ఎక్కువే చూపిస్తుంది. గోడ మీద 58 చూసి ధైర్యంగా ఉంటే లోపల 65 దాటి ఉండొచ్చు. రోహిణీ కార్తెలో షెడ్డు రేకులే మంట పెడుతుంటాయి, ఆ రోజుల్లో ఆవిరి ఆపాక కూడా వేడి ఎక్కుతూనే ఉంటుంది. కొత్త గాలి ఇచ్చే దారి ముందే సిద్ధం చేసుకోండి.

ఘాటు పోయిందో లేదో చూసేటప్పుడు గదిలో అరగంట నుంచి ఉన్న మనిషి ముక్కుని నమ్మకండి, అది అలవాటు పడిపోతుంది. గుప్పెడు కంపోస్టుని కవర్లో మూటగట్టి బయటికి తెచ్చి, కాసేపాగి, ఇంట్లోవాళ్లెవరినైనా వాసన చూడమనండి. ఏ కొంచెం ఘాటు తగిలినా ఇంకో రోజు ఆగాల్సిందే. స్పాన్ కలిపే రోజుకి పీహెచ్ 7.2 నుంచి 7.5, తేమ 65 నుంచి 68 శాతం ఉండాలి. పిడికిట్లో గట్టిగా పిండితే అరచెయ్యి తడవాలి, ధారగా కారకూడదు. వాసన తియ్యగా, తొలకరి వాన పడ్డ మట్టిలా ఉంటుంది.

ఇంకా స్పాన్ కలపని కంపోస్టు మిగిలి ఉంటే దాన్ని కాపాడుకునే అవకాశం ఉంది. ముద్దలు విడగొట్టి, మంచి కండిషనింగ్ అయిన కంపోస్టు ఎవరి దగ్గరైనా దొరికితే కొంత కలిపి, మళ్లీ గదిలో 45 నుంచి 48 డిగ్రీల దగ్గర గాలి ఇస్తూ ఉంచండి. తెల్లని దారాలు లేస్తే బతికినట్టే. స్పాన్ కలిపిన సంచుల మీద ఆశ పెట్టుకోవద్దు. అవి షెడ్డులో ఉన్నకొద్దీ బూజు విత్తనాలు గది నిండా చేరతాయి.

అడగకపోయినా ఒక మాట చెప్తాను. బటన్‌కి దారం పాకేటప్పుడు 22 నుంచి 25 డిగ్రీలు, కాపుకి 14 నుంచి 18 కావాలి. నెల్లూరులో సంక్రాంతి రాత్రుల్లో కూడా ఆ చలి ఉండదు, ఏడాదంతా ఏసీ మీదే నడవాలి. కరెంటు బిల్లు చూసి గుండె జారకుండా ఉండాలంటే కంపోస్టు నాణ్యత మీద రాజీ పడకూడదు. ఈ గదులు కుదురుకునేలోపు పక్క షెడ్డులో పాల పుట్టగొడుగులు పెట్టుకోండి. వాటికి 30 నుంచి 35 డిగ్రీలు ఇష్టం, కంపోస్టు గొడవే లేదు. వరిగడ్డిని 80 డిగ్రీల వేడి నీళ్లలో గంట నానబెట్టి ఆరబెడితే చాలు. ఎడగారు (రెండో పంట వరి) గడ్డి చేతికొచ్చే రోజుల్లో మన వాతావరణం వాటికి బాగా కలిసొస్తుంది. ఆ గడ్డి మాత్రం వానకి తడిసి నల్లబడకముందే ఇంటికి చేర్చుకోండి, ఏ పుట్టగొడుగుకైనా.

పాడైన సంచులని గూడూరు, పొదలకూరు, సైదాపురం వైపు నిమ్మతోటలున్న వాళ్లకి ఇచ్చేయండి, సంతోషంగా తీసుకుంటారు. అయితే ఇప్పుడే చెట్లకి వేయొద్దని చెప్పండి. లవణాలు, అమోనియా రెండూ ఎక్కువ. ఈశాన్య రుతుపవనం వానల్లో ఒక సీజను బయట కుప్పగా నాననిచ్చి, తర్వాత చెట్టు మొదలుకి తగలకుండా పాదు అంచున వేసుకుంటే మంచి ఎరువు. మీరు కొత్త కుప్ప వేసేటప్పుడు అంచు, నడుమ, అడుగు, మూడు చోట్లా రోజూ ఉదయం వేడి రాసి పెట్టండి. ఆ అంకెలు, ఆవిరి గది గంటల లెక్క పంపితే చూసి, ఎక్కడ సరిచేయాలో చెప్తాను.